ఎండాకు తెగులూ, డాక్టర్ రిచారియా విత్తనాలూ

వరినాట్లు ముగిసి, ముసురు పట్టి, ఈదురుగాలులు తోలడం మొదలయ్యేసరికి మాకు ఏటా ఒకే ప్రశ్న వస్తుంటుంది. ఆకు అంచులు ఎండిపోతున్నాయి, ఏం కొట్టమంటారు అని. కొన్నాళ్ళుగా ఆ ప్రశ్న కాస్త రూపు మార్చుకుంది. వాము నూనె కొడితే పోతుందటగదా, నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె పనిచేస్తాయటగదా అంటున్నారు. రైతులే కాదు, మందు పంపు భుజాన వేసుకుని మడిలో దిగే కూలీలు కూడా అడుగుతున్నారు. వాళ్ళు అడగడంలో న్యాయముంది. ఏ మందైనా ముందు వాళ్ళ ముక్కుకూ కళ్ళకూ గదా తగిలేది!

జవాబు చెబుతాం. అయితే ఒక మనిషి జీవితం చెప్పకుండా ఆ జవాబు చెబితే సగమే చెప్పినట్లవుతుంది. ఆ మనిషి డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా. వరి పరిశోధనలో పేరుమోసినవాడు. తెగుళ్ళను తట్టుకోలేని విత్తనాన్ని దేశం మీదకు వదలవద్దని చెప్పి, అధికారుల ఆగ్రహానికి గురై, కుర్చీ పోగొట్టుకున్నవాడు.

ముందు తెగులు సంగతి. దీన్ని బాక్టీరియా ఎండాకు తెగులు అంటారు. ఇది బూజు జాతి కాదు, పురుగు కాదు. కంటికి కనిపించని ఒక సూక్ష్మజీవి. వరి ఆకు అంచుల్లో తెల్లవారుజామున నీటిబొట్లు ఊరే సన్నని రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల గుండా, లేదా గాలికి ఆకులు ఒరుసుకుని చీరుకున్న చోట, ఇది లోపలికి దూరుతుంది. దూరి, మొక్కకు నీరు మోసే నాళాల్లో కాపురం పెడుతుంది. కొన నుంచి మొదలై అంచుల వెంట అలలు అలలుగా పసుపు చార కిందికి దిగుతుంది. తర్వాత ఆకు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. లేత నారుకు సోకితే మొక్క మొక్కంతా వాడి చచ్చిపోతుంది. అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. తెగులు సోకిన ఆకును అడ్డంగా కోసి, కోసిన కొనను గాజుగ్లాసులోని మంచినీళ్ళలో ఉంచండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని తీగ నీళ్ళలోకి దిగితే అది ఇదే.

జపాన్‌లో ఫుకువోకా ప్రాంతపు రైతులు 1884లోనే దీన్ని చూశారు. మన దేశంలో 1951లో మహారాష్ట్ర ప్రాంతంలో కనిపించింది. పన్నెండేళ్ళ తర్వాత, 1963లో, బీహారులో షాహాబాద్ జిల్లా వరిని ఊడ్చిపెట్టింది. ఈ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

రిచారియా 1909లో పుట్టారు. నాగపూరులో చదివి, ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటుతో తిరిగొచ్చారు. ఆ రోజుల్లో అంత చదువు చదివినవాడికి ఢిల్లీలోనో బొంబాయిలోనో మెత్తని కుర్చీ దొరికేది. ఆయన బీహారులోని సబౌర్ వ్యవసాయ కళాశాలలో మొక్కల మధ్య పనిచేశారు. చివరికి ఆయన మనసు పట్టింది వరి మీద.

1959లో ఆయన కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. ఆ సంస్థ పుట్టుక సంగతి మన కూలీలు తెలుసుకోవాలి. 1942లో బెంగాల్ వరిని గోధుమరంగు మచ్చతెగులు తినేసింది. మరుసటి ఏడు కరువు వచ్చింది. కరువంటే తెగులు ఒక్కటే కాదు. యుద్ధం, వ్యాపారుల దాపరికం, తెల్లదొరల నిర్లక్ష్యం అన్నీ కలిసి లక్షలాది మంది కూలీల, చేతివృత్తుల వాళ్ళ ప్రాణాలు తీశాయి. ఆ చావుల తర్వాత, 1946లో, కటక్‌లో ఈ సంస్థ పెట్టారు. అంటే వరి తెగులు అనేది ప్రయోగశాల వ్యవహారం మాత్రమే కాదనీ, కూలివాడి కంచానికి సంబంధించిన విషయమనీ ఆ సంస్థ పునాది రాళ్ళకు తెలుసు.

కటక్‌లో రిచారియా చేసిన ఒక పని మాకు ఎప్పుడూ ముచ్చటగొలుపుతుంది. రెండు రకాలను సంకరం చేస్తే మొదటి తరం మొక్క మహా ఏపుగా పెరుగుతుంది. కాని దాని గింజలు మళ్ళీ విత్తితే ఆ ఏపు చెదిరిపోతుంది. అందుకే సంకర విత్తనం అమ్మే కంపెనీ దగ్గరకు రైతు ఏటేటా వెళ్ళాలి. రిచారియా దీనికి మరో దారి చూశారు. వరి దుబ్బు పిలకలు వేస్తుంది గదా. ఆ సంకర మొక్క పిలకలను విడదీసి నాటితే, అవి మళ్ళీ పిలకలు వేస్తే, వాటినీ విడదీసి నాటితే, విత్తనం కొనకుండానే అదే ఏపు మడంతా నిండుతుంది. 1962లో ఈ సంగతిని ఆయన ఇంగ్లండులోని నేచర్ పత్రికలో ప్రచురించారు. దుబ్బు చీల్చి నాటడం మన ఆడకూలీలకు కొత్త పనేమీ కాదు, నారు చాలని చోట వాళ్ళు చేసేదే. ఆ చేతిపనిలో కంపెనీ విత్తనానికి బదులుండవచ్చునని ఒక పెద్ద శాస్త్రవేత్త చూడగలిగారు. చూసే కన్ను ఉండాలి. పనిమంతుల చేతుల అవసరం ఎక్కువన్న సాకుతో ఆ పద్ధతిని పక్కన పెట్టారు. కూలి పని దొరకని దేశంలో చేతుల అవసరం ఎక్కువ కావడం దోషమెట్లా అయిందో మాకర్థం కాదు.

ఇంతలో 1960లో, అమెరికాలోని ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల డబ్బుతో ఫిలిప్పీన్స్ దేశంలోని లాస్ బానోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలిసింది. ఇర్రి అని మన రైతులు పిలుచుకునేది దాన్నే. పొట్టిగా ఉండి, ఎరువు ఎంత పోసినా పడిపోకుండా గింజనిచ్చే రకాలు దాని లక్ష్యం. అదే కాలంలో తైవాన్‌లో పుట్టిన తైచుంగ్ నేటివ్-1 అనే పొట్టి రకాన్ని 1964, 65 సంవత్సరాల్లో మన దేశానికి తెచ్చి పెద్దఎత్తున చల్లించడం మొదలుపెట్టారు. 1966 చివర ఐ.ఆర్.8 వచ్చింది. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆ రెండు పేర్లూ పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తే.

తైచుంగ్ ఎరువు తిని గింజలిచ్చిన మాట నిజం. కాని ఎండాకు తెగులు ముందు అది నిలబడలేదు. తుంగ్రో వైరస్ ముందూ నిలబడలేదు. ఒక విషయంలో మనం జాగ్రత్తగా మాట్లాడాలి. ఎండాకు తెగులును తైచుంగ్ మన దేశానికి మోసుకొచ్చిందనడం సరికాదు. 1963లో బీహారు పొలాలు కాలినప్పటికి అది రానేలేదు. తెగులు మనింట్లో అప్పటికే ఉంది. ఉన్న నిప్పు దగ్గరకు ఎండుగడ్డి వామును తెచ్చి పెట్టారు, అదీ జరిగింది. ఒకే రకం, వేలాది ఎకరాల్లో, పక్కపక్కనే. దాని మీద యూరియా బస్తాలు. నత్రజని ఎక్కువైన ఆకు మెత్తబడి ఈ సూక్ష్మజీవికి విందవుతుంది. పూర్వం ఒక ఊళ్ళో పది రకాల వడ్లు ఉండేవి. ఒకటి పోతే తొమ్మిది మిగిలేవి.

రిచారియా అభ్యంతరం అక్కడే. పరదేశపు విత్తనాన్ని తెగుళ్ళకు పరీక్షించకుండా, క్వారంటైన్ నియమాలను పక్కనబెట్టి తొందరపడి దించవద్దన్నారు. అధిక దిగుబడి ఇవ్వగల రకాలు మన నాటు రకాల్లోనే ఉన్నాయి, వాటిని వెతకండి అన్నారు. బీహారులో పనిచేసి వచ్చినవాడు, అక్కడి పొలాలు ఎట్లా ఉంటాయో తెలిసినవాడు, గాలిలో కత్తి తిప్పలేదు. కాని అప్పుడు ఢిల్లీ తొందరలో ఉంది. అమెరికా నుంచి వచ్చే గోధుమ ఓడల కోసం దేశం ఎదురుచూస్తున్న రోజులవి. 1965, 66లలో వర్షాలు మోసం చేశాయి. పాలకులకు కావలసింది వెంటనే కనబడే ఫలితం. అడ్డం వచ్చే డైరెక్టరు కాదు.

1966లో ఆయన్ను కటక్ నుంచి తప్పించారు. రిటైరైపొమ్మన్నారు. రిచారియా ఊరుకోలేదు. ఒరిస్సా హైకోర్టుకు వెళ్ళారు. సర్కారు మీద ఒంటరిగా దావా వేసిన ఉద్యోగి గతి ఏమవుతుందో మనకు తెలియనిదా! చేతిలో డబ్బు కరిగిపోయింది, పిల్లల చదువులు చెదిరాయి, భార్య ఆరోగ్యం పాడైంది. 1970లో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. ఈలోగా నాలుగేళ్ళు గడిచాయి, కటక్‌లో నడవవలసిన పని వేరే దారిలో నడిచిపోయింది. గెలిచిన వ్యాజ్యం కూడా ఒక్కోసారి ఇట్లాగే ఉంటుంది.

ఆయన జీవితంలో మాకు అన్నిటికంటే విలువైన భాగం ఆ తర్వాతిది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ను పిలిచింది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతం అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేది. రాయపూరులో వరి పరిశోధన సంస్థ పెట్టి ఆయనకు అప్పగించారు. సంస్థ అంటే మీరు మేడలూ అద్దాల గదులూ ఊహించుకోకండి. సహకార రైస్ మిల్లుల చెంత ఒక ఆఫీసు, అదే ప్రయోగశాల. అందులో సూక్ష్మదర్శిని కూడా లేదు. ఏడాది మొత్తానికి ఖర్చు 20,000 రూపాయలు. ఇద్దరు వ్యవసాయ పట్టభద్రులు, నెలకు 250 రూపాయల జీతం మీద ఆరుగురు గ్రామ కార్యకర్తలు. అంతే సైన్యం.

ఈ సైన్యంతో ఆయన ఊరూరూ తిరిగించారు, తానూ తిరిగారు. బస్తర్ అడవుల్లోని గోండు, హల్బా గూడేల నుంచి మహానది మైదానం దాకా ఏ ఇంటి గాదెలో ఏ వడ్లున్నాయో అడిగి, పిడికెడు తీసుకుని, పేరు రాసి, మళ్ళీ పొలంలో విత్తి చూశారు. బస్తర్ మనకు దూరమేమీ కాదు. భద్రాచలం దాటి శబరి ఒడ్డున నడిస్తే అదే. అట్లా ఆరేళ్ళలోపు చేరిన నమూనాలు 19,000కు పైబడ్డాయి. ప్రతి ఏడూ వాటిని మళ్ళీ మడుల్లో పండించి బతికించారు. సీసాలో పెట్టి చల్లటి గదిలో దాచడం కాదు.

వాటిలో ఎన్ని వింతలో! బియ్యపు గింజ ఎంతో పొడుగ్గా ఉండే డోక్రా డోక్రీ ఉంది. ఒకే పొట్టులో రెండు గింజలు ఉండేవున్నాయి. వాసన వడ్లు, ఎండను తట్టే మెట్టవడ్లు, నడుములోతు నీళ్ళలో నిలిచేవి, అరవై డెబ్భై రోజుల్లో కోతకొచ్చేవి ఉన్నాయి. ఆకు ఊదారంగులో ఉండే రకాలున్నాయి. ఇది అందానికి కాదు. ఆ ప్రాంతంలో కర్గా అనే అడవి వరి పొలాల్లో కలుపుగా మొలుస్తుంది. చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, కలుపు తీసే మనిషి ఎంత కళ్ళు చించుకున్నా తెలియదు. ఊదా ఆకు వరి విత్తితే పచ్చగా మొలిచిందంతా కర్గాయే, పీకి పారెయ్యవచ్చు. కలుపుతీత కూలీల బాధ తెలిసినవాళ్ళు ఎంచి దాచుకున్న విత్తనమది.

దిగుబడి మాటా చూడాలి. అధిక దిగుబడి రకం అనిపించుకోవాలంటే హెక్టారుకు 3,705 కిలోలు దాటాలని అప్పటి లెక్క. అంటే ఎకరాకు 15 క్వింటాళ్ళు, మన 75 కిలోల బస్తాల్లో 20. రిచారియా పోగుచేసిన నాటు రకాల్లో నూటికి 8 ఆ గీత దాటాయని ఆయన లెక్క తేల్చారు. నూటికి 8 అంటే తక్కువగా వినిపించవచ్చు. 19,000లో 8 వంతులంటే పదిహేను వందలపైనే. బస్తర్‌లో మొక్డో అనే రకాన్ని ఒక ఆదివాసీ రైతు ఎంచి పెంచుకున్నాడు, అదీ వాటిలో ఒకటి. ఇర్రి రకాలు రాకముందు మన రైతుకు పండించడం తెలియదనే మాటకు ఇంతకంటే జవాబేం కావాలి?

రిచారియా చెప్పినదంతా వేదమని మేము అనడం లేదు. నాటు రకాలు చాలావరకు పొడుగు రకాలు, ఎరువు పోస్తే పడిపోతాయి. నీటి వసతి గల డెల్టాల్లో పొట్టి రకాలు గాదెలు నింపిన మాట రైతులే చెబుతారు. నాటు రకమైనంత మాత్రాన తెగులు తట్టుకుంటుందన్న హామీ కూడా లేదు. ఒక్కొక్కదాన్నీ పరీక్షించి చూసుకోవలసిందే. ఆయన వాదం కూడా అదే. పరీక్షించడానికి ముందు అవి బతికుండాలి గదా.

1975లో ఇర్రి ఆయన దగ్గరున్న విత్తనాల కోసం కబురు పెట్టింది. ఇంకా పూర్తిగా పరిశీలించని విత్తనాన్ని ఇచ్చేది లేదని ఆయన నిరాకరించారు. తర్వాతి కథ 1986లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో క్లాడ్ ఆల్వారెస్ బయటపెట్టారు. వరి పరిశోధనకు నాలుగు కోట్ల రూపాయల ప్రపంచబ్యాంకు సహాయం చూపించి, రాయపూరు సంస్థను మూసి సేకరణనంతా జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అప్పగించాలనే షరతు పెట్టారని ఆ కథనం. 1976లో, దేశమంతా ఎమర్జెన్సీ నోరు నొక్కి ఉన్న రోజుల్లో, సంస్థ మూతపడింది. ఏడాదికి 20,000 రూపాయలతో నడిచే సంస్థ సర్కారుకు బరువైంది! విత్తనాలతో పాటు ఆయన కాగితాలూ చేజారాయి. 67 ఏళ్ళ వయసులో రిచారియా రెండోసారి వీధిన పడ్డారు.

1983లో ప్రధాని ఇందిరాగాంధీ కార్యాలయం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, వరి ఉత్పత్తి పెంచడానికి ఒక ప్రణాళిక రాసిమ్మని అడిగింది. ఆయన రాసిచ్చారు. ప్రాంతానికొక చిన్న వరి కేంద్రం పెట్టండి, అక్కడి రకాలను అక్కడే, రైతుల చేతుల మీదుగానే పండించి ఎంచండి అన్నది దాని సారం. మరుసటి ఏడు ఇందిరాగాంధీ హత్య జరిగింది. ప్రణాళిక అటకెక్కింది. 1996లో రిచారియా భోపాల్‌లో కన్నుమూశారు.

ఆయన పోయినా విత్తనాల కథ ముగియలేదు. ఆ సేకరణ రాయపూరులోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేరింది. 2002లో ఆ విశ్వవిద్యాలయం సింజెంటా అనే బహుళజాతి కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడిందన్న వార్త పొక్కింది. రాయపూరు వీధుల్లోకి రైతులు, కార్మికులు, విద్యార్థులు వచ్చారు. గొడవ ముదిరి, ఆ ఏడు డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. బతికుండగా ఒక్కడై పోట్లాడినవాడి తరఫున, చనిపోయిన ఆరేళ్ళకు అంతమంది వచ్చారు.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వద్దాం. వాము నూనె సంగతేమిటి?

మొక్కల సుగంధ తైలాలకు ఈ సూక్ష్మజీవిని చంపే శక్తి ఉన్న మాట ప్రయోగశాలల్లో తేలింది. వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్, నిమ్మగడ్డి వాసనకు మూలమైన సిట్రాల్ ఆ జీవి ఒంటిమీది పొరను చెడగొడతాయి, లోపలి సరుకు కారిపోయి అది చస్తుంది. కాని గాజుపలక మీద చచ్చినంత తేలికగా మడిలో చావదు. ఈ తైలాలు ఎండకు ఆవిరైపోతాయి, వానకు కడుక్కుపోతాయి, నీళ్ళలో ఊరికే కలవవు. పాలు ఎక్కువైతే ఆకునే మాడ్చేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, తెగులు నాళాల లోపల ఉంటుంది, నూనె ఆకు పైన ఉంటుంది. విత్తనశుద్ధికీ, తెగులు తొలి దశకూ వీటిని వాడుకోవచ్చునేమోనన్న పరిశోధన సాగవలసిందే. ఇవాళ సీసాలో పోసి సర్వరోగ నివారిణి అని అమ్మేవాణ్ణి మాత్రం నమ్మకండి. చిక్కటి తైలం కూలీ చర్మాన్నీ కళ్ళనూ మండిస్తుంది. మొక్క నుంచి వచ్చింది గనక హాని లేదనుకోవద్దు.

ఇన్నాళ్ళూ వాడుతున్న స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం సంగతీ తెలుసుకోవాలి. అందులోని స్ట్రెప్టోమైసిన్ క్షయరోగులకు ఇచ్చే మందు. పొలాల్లో చల్లితే సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి, ఆస్పత్రిలో మనిషికి పనిచేయకుండా పోయే ప్రమాదముంది. అందుకే వ్యవసాయంలో దాన్ని నిషేధించేందుకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే పచ్చి ఆవుపేడ నీళ్ళు, 5 శాతం వేపగింజల కషాయం ఖర్చు తక్కువవి, తొలి దశలో కొట్టి చూడవచ్చు.

నిలబడే మందు మాత్రం విత్తనంలోనే దొరికింది. కటక్‌లో, రిచారియాను పంపించేసిన ఆ సంస్థలోనే, ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరి ఒకటి ఈ తెగులుకు లొంగడం లేదని శాస్త్రవేత్తలు గమనించారు. ఆ గుణాన్ని సాగువరిలోకి దించింది ఇర్రి. అది కూడా చెప్పాలి. అమెరికాలో 1995లో ఆ జన్యువును విడదీసి పేటెంటు పట్టారు. మన సాంబమసూరి, బాపట్ల నుంచి 1986లో వచ్చిన బి.పి.టి. 5204, ఈ తెగులుకు ఇట్టే లొంగుతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. కలిసి ఆ అడవి వరి జన్యువునూ, మన ఉపఖండపు నాటు వడ్ల నుంచి వచ్చిన మరో రెంటినీ సాంబమసూరిలోకి తెచ్చాయి. మెరుగుపరచిన సాంబమసూరి పేరుతో అది 2008లో విడుదలైంది. ఇది సంకర విత్తనం కాదు, గింజ దాచుకుని మళ్ళీ విత్తుకోవచ్చు. తెగులు ఏటా వచ్చే ఊళ్ళవాళ్ళు దాన్ని అడిగి తెచ్చుకోండి.

తెగులు కనిపించిన మడికి యూరియా ఆపండి, నీళ్ళు తీసెయ్యండి, ఆ నీటిని పక్క మడిలోకి వదలకండి. ఆ మడి గింజను విత్తనానికి దాచకండి. నారు కొసలు తుంచి నాటే అలవాటున్న చోట్ల, తుంచిన ప్రతి కొసా ఈ సూక్ష్మజీవికి తెరిచిన తలుపు. నారుమడిలో ఆకు వాడిందంటే కొసలు తుంచకుండా నాటమని ముఠా మేస్త్రులకు ముందురోజే చెప్పండి.